ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ఏజెంట్ల చేత పని చేయించడం ఎలా

వంద చిన్న ప్రోగ్రాములు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి ముందున్న మూడు గడులు తప్ప ఇంకేమీ కనపడదు, పక్కన ఇంకో తొంభై తొమ్మిది తిరుగుతున్నాయన్న సంగతి తెలియదు, కాసేపటి కిందట తాను ఎక్కడుందో కూడా గుర్తుండదు. ఆ వందా కలిసి తిండి ఎక్కడుందో పట్టుకోవాలి, గూటి దాకా దగ్గర దారి వేసుకోవాలి, ఆ దారికి ఏదైనా అడ్డం పడితే ఇంకో దారి వెతుక్కోవాలి. నాయకుడు లేడు, మెసేజ్‌లు లేవు, మ్యాప్ లేదు. వినడానికి అయ్యే పనిలా ఉండదు కానీ, పైథాన్ కొంచెం వచ్చినవాళ్లు ఒక సెలవు రోజున కూర్చుంటే కట్టుకోగలిగినదే.

కిటుకు చాలా చిన్నది. ఏజెంట్ (అంటే ఆ చిన్న ప్రోగ్రాముల్లో ఒకటి, కింద దాన్నే చీమ అని కూడా అంటాను) నేల మీద ఒక గుర్తు వదులుతుంది, తర్వాత ఎప్పుడో అటుగా వచ్చిన ఇంకో ఏజెంట్ ఆ గుర్తుని బట్టి నడుచుకుంటుంది, తనూ ఓ గుర్తు వదులుతుంది. ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త పియర్-పాల్ గ్రాసే చెదపురుగులు పుట్ట కట్టే తీరు చూసి 1959లో దీనికి స్టిగ్మర్జీ అని పేరు పెట్టాడు. చెదపురుగుకి పుట్ట ప్లాన్ ఏమీ తెలియదు, ఇంతకుముందు ఎవరో పెట్టిన మట్టి ముద్దే తర్వాతి ముద్ద ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తా, కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గుంపు సరిగా పని చేయనప్పుడు ఏజెంట్‌కి ఇంకాస్త తెలివి నూరిపోద్దాం, ఇంకో రెండు షరతులు రాద్దాం, ఇంకాస్త జ్ఞాపకం ఇద్దాం అనిపిస్తుంది. చేయి ఆపుకోండి. మార్చాల్సింది చాలావరకు నేలలో ఉంటుంది: ఏ గుర్తు, ఎంత, ఎంతసేపు.

ముందుగా, ఈ పద్ధతి మీకు కావాలా

పని చాలా చోట్ల ఒకేసారి జరిగేదైతే, ఏ ఒక్క ఏజెంట్ పోయినా పని ఆగకూడదంటే, పరిస్థితి మధ్యలో మారిపోతూ ఉంటే ఇది బాగా కుదురుతుంది. మ్యాప్ అంతా మీ చేతిలోనే ఉండి, ఒక్కసారి కచ్చితమైన జవాబు వస్తే చాలు అనుకుంటే దీని జోలికి రాకండి. చిన్న గ్రాఫ్‌లో (చుక్కలు, వాటిని కలిపే గీతలు) దగ్గర దారి కావాలంటే డైక్‌స్ట్రా అల్గారిథమ్ రెప్పపాటులో ఇచ్చేస్తుంది, దానికి చీమల దండు ఎందుకు. ఒక్క తప్పడుగు కూడా పడకూడని పనులకి కూడా వద్దు, ఎందుకంటే ఈ గుంపులు తప్పులు చేస్తూ చేస్తూనే సరైన చోటికి చేరతాయి.

1. నేల గీయండి

60 × 60 గడుల గ్రిడ్ చాలు. దాన్ని ఒకే పట్టికగా కాకుండా పొరలుగా ఉంచండి: గోడలకి ఒక పొర, తిండికి ఒకటి, ఇంటి గుర్తుకి ఒకటి, తిండి గుర్తుకి ఒకటి. నంపైలో (పైథాన్‌లో లెక్కలకి వాడే లైబ్రరీ) అయితే నాలుగు అరేలు, అంటే సంఖ్యల పట్టికలు, అంతే. గూడు ఒక మూలకి దగ్గరగా, తిండి కుప్ప అక్కడి నుంచి ఓ 30 గడుల దూరంలో పెట్టండి. మొదటిసారికి గోడలేమీ వద్దు.

గుర్తుల పొరల్లో దశాంశ సంఖ్యలే వాడండి. పూర్ణసంఖ్యలు పెడితే ఏమవుతుందంటే, 40 ఉన్న గడిలో ఒక శాతం ఆరాలి అన్నప్పుడు ఆ 0.4 కాస్తా గుండ్రమై సున్నా అయిపోతుంది, ఆ గుర్తు ఇక ఎప్పటికీ ఆరదు. చూడటానికి చిన్న విషయమే, కానీ దీని వల్ల వచ్చే వింత ప్రవర్తన ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలంటే తలనొప్పి.

ఒక్కో టిక్‌లో (ఏజెంట్లన్నీ ఒక్కో అడుగు వేసే ఒక విడతలో) పనుల వరుస కూడా ఇక్కడే తేల్చేయండి. ముందు ఏజెంట్లన్నీ వాసన చూసి, అడుగేసి, గుర్తు వదులుతాయి. తర్వాత గుర్తులు కొంచెం ఆరతాయి. తర్వాత కొంచెం పక్కలకి పాకుతాయి. ఏజెంట్లని ప్రతి టిక్‌లోనూ కొత్త వరుసలో కలిపేసి నడపండి, లేకపోతే జాబితాలో మొదట ఉన్నవాటికి ఎప్పుడూ ఒక అడుగు లాభం. వదిలిన గుర్తుల్ని నేరుగా పొరలో రాయకుండా పక్కన వేరే అరేలో పోగుచేసి టిక్ చివర కలపండి. పాకడాన్ని లెక్కించేటప్పుడూ అంతే, పాత పొర నుంచి చదివి కొత్త పొరలో రాయాలి. చదివే పొరలోనే రాస్తే గుర్తు అంతా ఒక పక్కకి జారిపోతుంది, మీ చీమలు కారణం లేకుండా కుడివైపు ఇష్టపడుతున్నట్టు కనిపిస్తాయి.

ఇదంతా రాసే ఓపిక లేకపోతే నెట్‌లోగో దించుకోండి. ఉరి విలెన్‌స్కీ చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనాల లైబ్రరీలో చీమల నమూనా, చెదపురుగుల నమూనా రెండూ సిద్ధంగా ఉంటాయి, స్లైడర్లు జరుపుతూ ఆడుకోవచ్చు. కానీ చివరికి సొంతంగా రాసుకుంటేనే ఒంటబడుతుందని నా అభిప్రాయం.

2. ఏజెంట్‌కి ఏం తెలియకూడదో రాసుకోండి

ఏం తెలియాలి అన్న జాబితా కంటే ఇది ముఖ్యం. మా ఏజెంట్‌కి గూడు ఎక్కడుందో తెలియకూడదు. తిండి ఎక్కడుందో తెలియకూడదు. మిగతా ఏజెంట్ల సంఖ్య, స్థానం తెలియకూడదు. దాని లోపల ఉండేవి నాలుగే: ఏ గడిలో ఉంది, ఎనిమిది దిక్కుల్లో ఎటు చూస్తోంది, నోట్లో తిండి ఉందా లేదా, ప్రస్తుతం ఎంత బలమైన గుర్తు వదలగలదు. నాలుగో సంఖ్య ఎందుకో ఇంకాసేపట్లో చెబుతా.

ఇలా కట్టేసుకోవడం ఎందుకంటే, డీబగ్ చేస్తున్నప్పుడు ‘సరేలే, గూటి దిక్కు ఒక్కటి ఇచ్చేద్దాం’ అని మీరే మోసం చేస్తారు. (నెట్‌లోగో నమూనాలో గూటి చుట్టూ ఆరిపోని ఒక వాసన ముందే పరిచి ఉంటుంది. అది ఆ నమూనాకి సరే, అక్కడ చూపించాలనుకున్నది వేరు.) ఏజెంట్ ముందు గడి, ముందు-ఎడమ గడి, ముందు-కుడి గడి మాత్రమే వాసన చూస్తుంది. వెనక్కి చూడదు. వెనక్కి చూడనిస్తే రెండు గడుల మధ్య ముందుకీ వెనక్కీ ఊగుతూ అక్కడే ఉండిపోతుంది.

3. రెండు గుర్తులు, ఒకటి కాదు

అందరూ మొదట ఒకే గుర్తుతో మొదలుపెడతారు: తిండి దొరికిన చీమ దారంతా వాసన వదులుతూ వస్తుంది, మిగతావి దాన్ని పట్టుకుని వెళతాయి. బాగానే ఉంది, కానీ ఆ దారిలో మధ్యలో తగిలిన చీమకి ఎటు వెళితే తిండి, ఎటు వెళితే గూడు? దారి పొడుగునా గుర్తు ఒకే మోతాదులో ఉంటే దానికి తెలిసే అవకాశమే లేదు.

అందుకని ఇలా చేయండి. గూటి నుంచి బయల్దేరిన ఏజెంట్ ఇంటి గుర్తు వదులుతుంది, తిండి గుర్తుని వెతుకుతుంది. తిండి దొరికాక వెనక్కి తిరిగి, ఇప్పుడు తిండి గుర్తు వదులుతూ ఇంటి గుర్తుని పట్టుకుని వస్తుంది. గమనించారా, ఏ ఏజెంటూ తాను వదులుతున్న గుర్తుని తానే అనుసరించడం లేదు. ఈ నియమాన్ని ఎక్కడా తప్పకండి.

ఇక ఆ నాలుగో సంఖ్య. గూట్లో అడుగు పెట్టినప్పుడు, తిండిని తాకినప్పుడు దాన్ని 100 చేయండి. ప్రతి అడుగుకీ 3 శాతం తగ్గించండి. 50 అడుగులయ్యాక దాదాపు 22 మిగులుతుంది, 100 అడుగులయ్యాక 5 కూడా ఉండదు. అంటే గూటి దగ్గర ఇంటి గుర్తు ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ. దారికి దిక్కు దానంతట అదే వచ్చేసింది, పైగా ఇంకో లాభం కూడా ఉంది: చాలాసేపు దారి తప్పి తిరిగిన ఏజెంట్ వదిలే గుర్తు దాదాపు సున్నా, కాబట్టి దాని మాట ఎవరూ వినరు.

ఇక్కడే ఒక చిక్కు. గడిలో ఇప్పటికే 30 ఉంది, ఇప్పుడొచ్చిన ఏజెంట్ 40 వదిలింది. గడి విలువ 70 కావాలా, 40 కావాలా? కలిపితే రద్దీని బట్టి ఓటు పడినట్టు, ఎక్కువమంది నడిచిన దారి గెలుస్తుంది, కానీ ఊరికే ఎక్కువమంది తిరిగిన చోటు కూడా గూడులా కనిపిస్తుంది. పెద్దది మాత్రం ఉంచితే దిక్కు నిజాయితీగా ఉంటుంది, కానీ ఓటు పోతుంది. నేనైతే ఇంటి గుర్తుకి పెద్దది ఉంచే పద్ధతి, తిండి గుర్తుకి కలిపే పద్ధతి వాడమంటాను. గూడు ఎక్కడన్నది ఓటుతో తేల్చే విషయం కాదు కదా, ఏ తిండి దారి మేలన్నదే గుంపు తేల్చుకోవాల్సింది.

4. ఎటు వెళ్లాలో పాచిక వేయనివ్వండి

మూడు గడుల్లో ఎక్కువ గుర్తున్న దానిలోకి వెళ్లు అని రాస్తే సులువే, కానీ అలా రాస్తే మొదట దొరికిన దారికే గుంపంతా అతుక్కుపోతుంది. జాన్-లూయీ డెన్యుబోర్, ఆయన సహచరులు అర్జెంటీనా చీమల ముందు రెండు కొమ్మల వంతెన పెట్టి చూసి, 1990లో ప్రచురించిన పనిలో చీమ ఎంపికకి ఒక సూత్రం ఇచ్చారు. ఒక్కో కొమ్మ మీదున్న గుర్తుకి 20 కలుపు, వర్గం చెయ్యి, ఆ రెండు సంఖ్యల నిష్పత్తిలో అదృష్టాన్ని పంచు. అంతే. మనకి మూడు గడులు కాబట్టి మూడింటికీ అదే లెక్క.

ఒక గడిలో 50, ఇంకోదానిలో 10 ఉందనుకుందాం (మూడోది గోడ). 70 వర్గం 4900, 30 వర్గం 900. మొదటి గడికి వెళ్లే అవకాశం దాదాపు 84 శాతం. వర్గం బదులు మామూలుగా వదిలేస్తే 70 శాతం, నాలుగో ఘాతం వేస్తే దాదాపు 97 శాతం. ఈ ఘాతమే గుంపు ఎంత మొండిదో తేలుస్తుంది. ఆ 20 ఉంది చూశారా, అది ఇంకా గుర్తులు పడని కొత్త చోట్లకి కూడా ఎవరో ఒకరు వెళ్లేలా చేస్తుంది, గుర్తులు 20 కంటే బాగా పెరిగేదాకా ఏజెంట్లు ఇంచుమించు తోచినట్టు తిరుగుతాయి. మీ గుర్తులు 0 నుంచి 1 లోపే ఉంటే అక్కడ 20 పెట్టి లాభం లేదు, ఎప్పటికీ తోచినట్టే తిరుగుతాయి. సంఖ్యని మీ కొలమానానికి తగ్గట్టు మార్చుకోండి.

ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రెండు కొమ్మలూ సమానంగా ఉన్నా చీమలు చివరికి ఒకదానికే చేరతాయి. ఏ కారణమూ లేదు, మొదట్లో ఒకటి రెండు చీమలు అటు ఎక్కువ నడిచాయి, గుర్తు కొంచెం ఎక్కువైంది, అది ఇంకొన్నిటిని లాగింది. మీ సిమ్యులేషన్‌లో గుంపు ఒక దారి ఎంచుకుందంటే అది మంచి దారి కాబట్టే అని వెంటనే నమ్మకండి.

5. మరుపు: ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి

కొత్తవాళ్లు గుర్తులు వదలడం మీద చాలా ఆలోచిస్తారు, ఆరడం గురించి ఏదో ఒక సంఖ్య పెట్టి వదిలేస్తారు. గుంపు తెలివి మొత్తం ఈ ఆరే వేగంలోనే ఉందంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

డెన్యుబోర్ బృందమే 1989లో ఇంకో వంతెన పెట్టింది, ఒక కొమ్మ పొడుగు, ఇంకోటి దానిలో సగం. చీమలు ఎక్కువగా పొట్టి కొమ్మనే పట్టుకున్నాయి, ఎందుకంటే అటు వెళ్లినవి ముందు తిరిగొస్తాయి, ఆ కొమ్మ మీద గుర్తు ముందు పెరుగుతుంది. ఏ చీమా దూరం కొలవలేదు. బాగుంది. కానీ మొదట పొడుగు కొమ్మ మాత్రమే ఉంచి, అరగంట తర్వాత పొట్టిది చేర్చితే? పొడుగుదాని మీదే ఉండిపోయాయి. ఆ వాసన ఆరడం చాలా నెమ్మది, అందుకే కళ్లముందు దగ్గర దారి తెరుచుకున్నా పాత గుర్తే గెలిచింది. నిజం చీమలకే తప్పని ఈ గతి మీ ప్రోగ్రాముకి రాకుండా చేయొచ్చు, ఎందుకంటే ఆరే వేగం మీ చేతిలో ఉంది.

ఎంత పెట్టాలి? సగానికి ఎన్ని టిక్‌లలో తగ్గుతుందో చూడండి. టిక్‌కి 10 శాతం ఆరితే దాదాపు 7 టిక్‌లలో సగం. 2 శాతమైతే 34. 1 శాతమైతే 69. అర శాతమైతే 138. ఇప్పుడు మీ ఏజెంట్ ఒకసారి వెళ్లి రావడానికి పట్టే సమయం అంచనా వేయండి. గూడు నుంచి తిండికి 30 గడులు, రానుపోను 60, వంకర టింకర నడక కలుపుకుని 100 టిక్‌లు అనుకుందాం. 10 శాతం పెడితే 100 టిక్‌ల తర్వాత మిగిలేది లక్షకి మూడు కూడా ఉండదు, అంటే చీమ మళ్లీ వచ్చేసరికి తన దారి ఆనవాలే లేదు. 2 శాతం పెడితే 13 శాతం మిగులుతుంది, 1 శాతం పెడితే 37 శాతం. నా లెక్క ఏమిటంటే, సగానికి తగ్గే సమయం ఒక ప్రయాణం పట్టే సమయానికి దగ్గరగా, కొంచెం తక్కువగా ఉండేలా మొదలుపెట్టండి. ఇక్కడ 1 శాతం. ఏజెంట్లు చాలా ఎక్కువుంటే దారి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు కాబట్టి ఇంకా వేగంగా ఆరనివ్వొచ్చు, తక్కువుంటే నెమ్మదించాలి.

పైకి కూడా ఒక లెక్క ఉంది. ఒక గడిలో టిక్‌కి సగటున పడే గుర్తుని ఆరే భాగంతో భాగిస్తే అది చివరికి ఎక్కడ నిలబడుతుందో వస్తుంది. 5 టిక్‌లకి ఒక ఏజెంట్ వచ్చి 10 వదులుతుంటే టిక్‌కి 2, ఒక శాతం ఆరుతుంటే 200 దగ్గర ఆగుతుంది. ఈ లెక్క ముందే వేసుకుంటే నాలుగో మెట్టులోని 20ని ఎంత పెట్టాలో, పై హద్దు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పై హద్దు పెట్టడం మంచిదే కానీ మరీ కిందకి పెడితే దారంతా ఒకే విలువకి చేరి దిక్కు మాయమైపోతుంది, ఏజెంట్లు చదునైన చోట నిలబడి తికమకపడతాయి.

మరిచిపోవడం సరిపోని సందర్భాలూ ఉన్నాయి. తిండి అయిపోయిన దారి మీద బలమైన గుర్తు మిగిలిపోతుంది, అది ఆరేదాకా చీమలు వృథాగా తిరుగుతాయి. ఫారో చీమల్లో దీనికి వేరే ఏర్పాటే ఉందని 2005లో బయటపడింది: లాభం లేని కొమ్మ మొదట్లో ‘ఇటు వద్దు’ అనే గుర్తు వదులుతాయి. మీ నేలలోనూ మూడో గుర్తుగా దీన్ని చేర్చవచ్చు. కాకపోతే అది మిగతా రెండింటికన్నా వేగంగా ఆరాలి, లేకపోతే రేపు మళ్లీ తిండి పడే చోటికి ఎవరూ వెళ్లరు.

6. పాకడం

ప్రతి గడిలోని గుర్తులో కొద్ది భాగం చుట్టూ ఎనిమిది గడులకి పంచండి, టిక్‌కి 5 శాతం చాలు. దారి కాస్త వెడల్పవుతుంది, పక్కగా వెళ్లే ఏజెంట్‌కి కూడా వాసన తగులుతుంది. ఎక్కువ పెడితే దారి మసకబారి మబ్బులా అయిపోతుంది. గోడల్లోంచి పాకకుండా చూడండి, ఇది చాలామంది మరిచిపోతారు.

7. గుర్తులు ఆపేసి నడపండి

ఇప్పుడు బొమ్మ అందంగా కనిపిస్తుంది, గీతలు ఏర్పడుతుంటాయి, మీరు స్క్రీన్‌షాట్ తీస్తారు. ఆగండి. ఏజెంట్లు గుర్తుల్ని అసలు పట్టించుకోకుండా తోచినట్టు తిరిగేలా చేసి, అదే సంఖ్యలో టిక్‌లు నడిపి, గూటికి ఎంత తిండి చేరిందో రెండింటినీ పోల్చండి. తిండి గూటికి దగ్గరగా ఉంటే తోచినట్టు తిరిగినా బాగానే చేరుతుంది, తేడా కనపడదు. దూరం పెంచుతూ పోతే ఎక్కడో ఒక చోట గుర్తులు గెలవడం మొదలవుతుంది. ఆ చోటు ఎక్కడో తెలియకపోతే మీ ఏర్పాటు పని చేస్తోందని చెప్పడానికి లేదు.

ఒక్కసారి నడిపి తీర్మానించకండి. ఒక్కో సెట్టింగ్‌కి కనీసం 30 వేర్వేరు సీడ్‌లు (పాచికలు ఎలా పడాలో తేల్చే మొదటి సంఖ్యలు) వాడండి, సగటుతో పాటు అన్నిటికంటే ఘోరమైన ఫలితం కూడా చూడండి. ఈ గుంపుల్లో సగటు బాగుండి అప్పుడప్పుడు పూర్తిగా చేతులెత్తేసే సెట్టింగులు ఉంటాయి, సగటు వాటిని దాచేస్తుంది.

8. ఎలా చెడుతుందో చూసి గుర్తుపట్టండి

గిరగిరా తిరగడం: సైనిక చీమలు దారి తప్పినప్పుడు ఒక్కోసారి ఒకదాని వెనక ఒకటి వలయంలో చచ్చేదాకా తిరుగుతాయి. మీ తెరమీద కూడా గుండ్రటి గీతలు కనిపిస్తే, ముందుగా ఎక్కడో ఏజెంట్ తన గుర్తునే తాను పట్టుకుంటోందేమో చూడండి. అది సరిగానే ఉంటే, వదిలే బలం 1 కంటే తగ్గిన ఏజెంట్ ఓ 20 అడుగుల పాటు ఏ గుర్తునీ చూడకుండా తిరిగేలా పెట్టండి.

గూటి దగ్గర గుమిగూడటం: అన్ని దారులూ అక్కడ కలుస్తాయి కాబట్టి కలిపే పద్ధతిలో ఉన్న తిండి గుర్తు గూటి చుట్టూ పేరుకుపోతుంది. గూడు గడిలో, దాని చుట్టుపక్కల రెండు మూడు గడుల్లో తిండి గుర్తు పడకుండా చేస్తే తగ్గుతుంది. చూశారుగా, మందు నేలకే వేశాం, ఏజెంట్‌ని ముట్టుకోలేదు.

అంతా ఒకే దారి పట్టి మిగతా కుప్పల్ని వదిలేయడం: ఘాతం తగ్గించండి, లేదా ఆరే వేగం పెంచండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పని చేసిందో తెలియదు.

9. నడుస్తున్న ప్రపంచాన్ని పాడుచేయండి

2000 టిక్‌ల దగ్గర దారికి అడ్డంగా గోడ పెట్టండి. ఇంకోసారి సగం ఏజెంట్లని తీసేయండి. ఇంకోసారి తిండి కుప్పని వేరే మూలకి మార్చండి. ప్రతిసారీ, తిండి చేరే వేగం మునుపటి స్థాయికి దగ్గరగా రావడానికి ఎన్ని టిక్‌లు పట్టిందో రాసుకోండి. నా దృష్టిలో అసలు మార్కులు వేయాల్సింది దీనికే. కదలని ప్రపంచంలో ఆరే వేగం ఎంత తక్కువైతే అంత బాగా పని చేస్తున్నట్టు కనిపిస్తుంది, గోడ పడగానే ఆ సెట్టింగే అందరికంటే వెనకబడుతుంది.

10. గుర్తు లేకుండా కూడా చేయొచ్చు

ఇప్పటిదాకా ఏజెంట్ పనితో పాటు వేరేగా గుర్తు వదిలింది. కానీ చేసిన పనే తర్వాతి పనికి గుర్తు కావచ్చు, చెదపురుగుల మట్టి ముద్దలాగా. 1994లో బెకర్స్, హోలండ్, డెన్యుబోర్ కలిసి చిన్న రోబోల చేత నేలమీద చెల్లాచెదురుగా ఉన్న 81 బిళ్లల్ని కుప్ప వేయించారు. రోబోకి కుప్ప అంటే ఏమిటో తెలియదు. తోస్తూ వెళుతుంది, ముందున్న బరువు మూడు బిళ్లలంత అయితే స్విచ్ నొక్కుకుంటుంది, వాటిని వదిలేసి వెనక్కి వచ్చి వేరే దిక్కుకి తిరుగుతుంది. పెద్ద కుప్పకి బిళ్లలు చేరే అవకాశం ఎక్కువ, పోయే అవకాశం తక్కువ, కాబట్టి చివరికి ఒకే కుప్ప అవుతుంది. ఇంకో మాట: రోబోల సంఖ్య మూడు దాకా పెంచితే పని త్వరగా అయింది, ఆ తర్వాత ఒకదానికొకటి అడ్డం రావడం మొదలైంది. మీ సిమ్యులేషన్‌లో కూడా ఏజెంట్ల సంఖ్యని పెంచుతూ పోయి ఎక్కడ లాభం ఆగిపోతుందో చూడండి. చాలామంది సిమ్యులేషన్లలో ఏజెంట్లు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి, అందుకే అక్కడ ఎంతమందిని చేర్చినా మంచిదే అన్నట్టు కనిపిస్తుంది. ఒక గడిలో ఒకరే అని నియమం పెట్టి చూడండి.

హార్వర్డ్‌లో వెర్ఫెల్, పీటర్సెన్, నాగ్‌పాల్ 2014లో చూపించిన చెదపురుగుల తరహా రోబోలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. కావలసిన కట్టడం బొమ్మ మనం ఇస్తే, ముందుగానే ఒక ప్రోగ్రాము దాన్ని ఎటు నడవాలి, ఎప్పుడు ఇటుక పెట్టొచ్చు అనే చిన్న నియమాలుగా మారుస్తుంది. రోబో తన చుట్టూ ఇటుకల ఎత్తు చూసి ఆ నియమాలు పాటిస్తుంది, అంతే.

11. గ్రిడ్ వద్దు, గ్రాఫ్ కావాలంటే

దీని గురించి రాసినవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి మొదటి సెట్టింగులు మాత్రం చెబుతా. మార్కో డొరిగో 1992లో మిలన్ పాలిటెక్నిక్‌లో చేసిన పీహెచ్‌డీతో చీమల పద్ధతి అల్గారిథమ్ అయింది: అన్ని ఊళ్లనీ చుట్టి రావడానికి పొట్టి దారి వెతికే లెక్కలో, గుర్తులు ఊళ్ల మధ్య గీతల మీద ఉంటాయి, మొత్తం చుట్టి వచ్చాక ఆ దారి ఎంత పొట్టిదైతే అంత గుర్తు పడుతుంది. మొదటి రూపం చిన్న లెక్కలకి పరవాలేదు, పెద్దవాటికి వెనకబడింది. డొరిగో, గాంబర్డెల్లా 1997లో ఇచ్చిన రూపంతో మొదలుపెట్టండి: 10 చీమలు, ఆరడం 0.1, పదిలో తొమ్మిది సార్లు ఉన్నవాటిలో మంచి గీతనే పట్టుకోవడం. అది తొందరగా ఒకే దారికి అతుక్కుపోతే స్టుట్స్‌లె, హూస్ 2000లో ప్రచురించిన రూపానికి మారండి, అందులో గుర్తుకి కింద హద్దు, పై హద్దు రెండూ ఉంటాయి, ఏ గీతా పూర్తిగా చచ్చిపోదు. ఆరడం అక్కడ చాలా నెమ్మది, 0.02.

12. భాషా మోడళ్లతో నడిచే ఏజెంట్లకి ఇదే వాడటం

ఇప్పుడు చాలామంది అడుగుతున్నది ఇదే: ఐదారు ఏజెంట్లని ఒక ప్రాజెక్టు మీద పెట్టాం, ఒకదానితో ఒకటి చాట్ చేసుకుంటూ టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు) తినేస్తున్నాయి, పని మాత్రం కదలడం లేదు. చాట్ తీసేయండి. ఒక బోర్డు పెట్టండి, ఒక్కో పనికి ఒక కార్డు. కార్డు మీద పొట్టి విషయాలే ఉండాలి: స్థితి, ఎవరు తీసుకున్నారు, ఆ పట్టు ఎప్పటిదాకా, ఏ ఫైళ్లు, ఎన్నిసార్లు విఫలమైంది. ఏజెంట్ బోర్డు చూస్తుంది, కార్డు తీసుకుంటుంది, పని చేస్తుంది, కార్డు మారుస్తుంది.

పైన గ్రిడ్ మీద నేర్చుకున్నవన్నీ ఇక్కడ అక్కరకొస్తాయి. పట్టుకి గడువు ఉండాలి, అదే ఆరడం. మామూలుగా ఒక పనికి పట్టే సమయానికి రెండు మూడు రెట్లు గడువు పెట్టి, పని సాగుతుంటే ఏజెంట్ దాన్ని పొడిగించుకునేలా చేయండి. కార్డు తీసుకోవడం ‘ఖాళీగా ఉంటేనే నా పేరు రాయి’ అనే ఒకే డేటాబేస్ ఆదేశంగా జరగాలి, ముందు చదివి తర్వాత రాస్తే రెండు ఏజెంట్లు ఒకే కార్డు పట్టుకుంటాయి. బోర్డులో అన్నిటికంటే ముఖ్యమైన కార్డునే తీసుకోమని అందరికీ చెబితే అందరూ ఒకేసారి దాని మీద పడతారు, కాబట్టి ముఖ్యత్వాన్ని బరువుగా పెట్టి నాలుగో మెట్టులోలాగా పాచిక వేయించండి. ‘ఈ దారి ప్రయత్నించాను, కుదరలేదు’ అనే కార్డులు కూడా ఉండాలి, వాటికీ గడువు ఉండాలి, ఎందుకంటే కోడ్ మారాక అదే దారి పని చేయవచ్చు.

కార్డు మీద పొడుగు వివరణలు రాయనివ్వకండి. ఒక ఏజెంట్ ‘సమస్య డేటాబేస్‌లో ఉన్నట్టుంది’ అని రాస్తుంది, రెండోది దాన్ని చదివి ‘సమస్య డేటాబేస్‌లో ఉంది’ అని రాస్తుంది, మూడోది వచ్చేసరికి అది తిరుగులేని నిజం అయిపోతుంది. మొదటి చీమ యాదృచ్ఛికంగా నడిచిన కొమ్మకి గుంపంతా అతుక్కుపోవడమే ఇది. అభిప్రాయం బదులు పనినే గుర్తుగా వాడండి: విఫలమవుతున్న టెస్ట్ ఉందంటే అక్కడ పని ఉంది, టెస్ట్ పాసైందంటే లేదు, దాని గురించి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇది కుదిరిందో లేదో చూడటానికి ఒక ఏజెంట్‌ని పని మధ్యలో ఆపేయండి. గడువు దాటగానే దాని కార్డు బోర్డు మీదకి తిరిగి రావాలి, ఇంకో ఏజెంట్ ఆ సగం పనిని ఫైళ్లలో చూసి అక్కడి నుంచి అందుకోవాలి. అలా జరగకపోతే ప్రాంప్ట్ తిరగరాయడానికి కూర్చోకుండా ముందు కార్డు చూడండి. చాలాసార్లు అక్కడ గడువే ఉండదు, లేదా సగంలో ఉన్న పని ఎక్కడ పెట్టాలో రాసుకోవడానికి చోటు ఉండదు.